గోడ మీది డబ్బా, దాని వెనక తీగలు

డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్ల నుంచి నాకు ఫోన్లు ముఖ్యంగా రెండు కాలాల్లో వస్తాయి. జూన్ ఎండలు ముదిరినప్పుడు, డిసెంబరులో మొదటి చలిగాలి కొట్టినప్పుడు. "అంకుల్, కొత్త థర్మోస్టాట్ తెచ్చాం, వీడియో చూసి బిగించాం, ఇప్పుడు ఏదీ పనిచెయ్యట్లేదు." పెద్ద బిల్డింగుల్లో ఏసీ, హీటింగ్ కంట్రోళ్లు చూసుకోవడమే నా ఉద్యోగం కావడంతో రిటైరయ్యాక కూడా ఆ ఫోన్లు తప్పలేదు. తప్పాలని నాకూ లేదు. చెప్పిందే చెప్పడం ఎక్కువైంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది అమెరికా ఇళ్ల సంగతి. విజయవాడలోనో కూకట్‌పల్లిలోనో గోడకు తగిలించుకునే స్ప్లిట్ ఏసీకి ఇందులో చాలా భాగం వర్తించదు.

1.

థర్మోస్టాట్ చల్లబరచదు, వెచ్చబరచదు. అదొక స్విచ్చి.

తెనాలి కాలవ లాకుల దగ్గర లస్కరు చేసే పని తలుపులెత్తడం, దించడం. నీళ్లు రావలసింది ప్రకాశం బ్యారేజీ నుంచి. ఎగువన నీళ్లు లేనప్పుడు లస్కరును తిట్టి ఏం లాభం? గోడ మీది డబ్బా చేసేదీ ఇదే. గదిలో ఎంత వేడి ఉందో చూసి ఒక తీగను ఇంకో తీగతో కలుపుతుంది, చాలనుకున్నప్పుడు విడదీస్తుంది. అసలు పని చేసేవి అటకలో పడుకున్న ఫర్నేసు, పెరట్లో నిలబడ్డ కంప్రెసరు.

ఈ వస్తువు పుట్టినప్పుడే అలా పుట్టింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో, వైట్‌వాటర్ అనే ఊళ్లో, వారెన్ జాన్సన్ అనే ప్రొఫెసరు ఉండేవాడు. ఆయన పాఠం చెబుతుంటే మధ్యలో నౌకరు గదిలోకొచ్చి చలి ఎంతుందో చూసి, మళ్లీ నేలమాళిగలోకి దిగి వేడిని అదుపు చేసే డాంపర్లు సర్దేవాడు. జాన్సన్‌కు అది విసుగెత్తింది. 1883లో ఆయన పేటెంట్ తీసుకున్న విద్యుత్ పరికరం చేసిందల్లా కింద గంట మోగించడం. గంట విని డాంపరు తిప్పవలసింది నౌకరే. ఇప్పుడు మనం వందల డాలర్లు పోసి కొనే గాజు తెరల థర్మోస్టాట్లలో వైఫై, యాప్, వాతావరణ సూచనలు అన్నీ తీసేస్తే మిగిలేది ఆ గంటే.

అందుకే బయటి నుంచి రాగానే 65కి దించితే ఇల్లు త్వరగా చల్లబడుతుందనుకోవడం వృథా. ఒకే వేగంతో తిరిగే కంప్రెసరు 76 పెట్టినా, 65 పెట్టినా ఒకటే చల్లటి గాలి ఇస్తుంది. 65 పెడితే ఆగవలసిన చోట ఆగకుండా తిరుగుతుంది, బిల్లు మీకొస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇంకో ఇబ్బంది ఉంది. వాళ్లకు సెల్సియస్ అలవాటు. అక్కడ 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన పెట్టారు. ఆ 24 ఇక్కడి లెక్కలో 75. ఈ సంగతి చిన్న కాగితం మీద రాసి డబ్బా పక్కన అంటించండి. లేకపోతే మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు కోల్డ్ స్టోరేజీ అయినా అవుతుంది, లేదా నాన్నగారు అసలు ఏసీయే కట్టేసి ఫ్యాను కింద కూర్చుని ఉంటారు.

2.

ఏ కరెంటుతో పని పడిందో ముందు తెలుసుకోవాలి. పాత థర్మోస్టాట్ ముఖం ఊడదియ్యండి. సన్నటి రంగురంగుల తీగలు ఒక్కొక్కటి ఒక్కో చిన్న స్క్రూ కింద కనిపిస్తే అది 24 వోల్టుల వ్యవహారం. ఫర్నేసులోని చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఇంటి 120 వోల్టులను 24కి దించి పంపిస్తుంది. టెక్సాస్‌లో కొత్త కాలనీల ఇళ్లన్నీ దాదాపు ఇలాంటివే.

తీగలు లావుగా ఉండి, రెండో నాలుగో మాత్రమే ఉండి, చివర్లు ప్లాస్టిక్ టోపీలతో మెలిపెట్టి కనిపిస్తే అక్కడే ఆగిపోండి. అది గోడ వారగా ఉండే బేస్‌బోర్డ్ హీటరు లైను. 120 వోల్టులో 240 వోల్టులో నేరుగా ఆ డబ్బాలోంచే పోతుంది. ఈశాన్య రాష్ట్రాల పాత అపార్ట్‌మెంట్లలో, సియాటిల్ వైపు ఇళ్లలో ఇవి కనిపిస్తాయి. మామూలు స్మార్ట్ థర్మోస్టాట్ దానికి తగిలిస్తే డబ్బా కాలిపోతుంది, గోడ కూడా అంటుకోవచ్చు. దానికి సరిపడే థర్మోస్టాట్లు వేరే ఉన్నాయి. అవి బిగించడానికి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మూడో రకం గ్యాస్ ఫైర్‌ప్లేసులది, కొన్ని పాత గోడ హీటర్లది. పైలట్ మంట వేడికి పుట్టే ముప్పావు వోల్టుతో నడుస్తాయి. వాటి జోలికి పోకండి.

3.

తీగలు ముట్టుకునే ముందు కరెంటు కట్టెయ్యాలి. చాలామంది బయట కండెన్సరు, అంటే కంప్రెసరు ఉండే పెట్టె, పక్కన ఉన్న డిస్కనెక్ట్ లాగేసి "కరెంటు తీసేశాం అంకుల్" అంటారు. గోడ మీదికి వచ్చే 24 వోల్టులు బయటి నుంచి రావు, లోపలి యూనిట్ నుంచి వస్తాయి. ఫర్నేసు పక్కన గోడకో దూలానికో మామూలు లైటు స్విచ్చి లాంటిది ఉంటుంది, అది కట్టెయ్యాలి. దాంతోపాటు ప్యానెల్లో ఫర్నేసు బ్రేకరు, కండెన్సరు బ్రేకరు రెండూ దించండి. 24 వోల్టులు మనిషిని చంపవు, నిజమే. కానీ తీగ జారి తీగకు తగిలితే ఫ్యూజునో ట్రాన్స్‌ఫార్మరునో చంపుతాయి.

అటక ఎక్కడం గురించి ఒక మాట. జూలై మధ్యాహ్నం టెక్సాస్ అటకలోకి మనిషి పోకూడదు, తెల్లవారకముందే పని ముగించుకోవాలి. చెక్క దూలాల మీదే అడుగు పెట్టాలి. దూది పరుపులా కనిపించే ఇన్సులేషన్ కింద ఉండేది అరంగుళం షీట్‌రాక్ మాత్రమే. అటక నుంచి పడకగదిలోకి వేలాడిన కాలును కింద నిలబడి చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. ఆ కాలు ఎవరిదో చెప్పను.

4.

తీగలు విప్పకముందు ఫొటో తియ్యండి. ఏ అక్షరం కింద ఏ రంగు తీగ ఉందో స్పష్టంగా కనిపించాలి. కొత్త డబ్బాతో వచ్చే చిన్న స్టిక్కర్లు తీగలకు అంటించండి. విప్పిన తీగల్ని ఒక పెన్సిలుకు చుట్టండి, లేకపోతే అవి గోడలోకి జారిపోతాయి. గోడలోకి పోయిన తీగను చేపను పట్టినట్టు పట్టుకోవడంలో ఆదివారం గడిచిపోతుంది.

5.

రంగును నమ్మొద్దు, అక్షరాన్ని నమ్మండి. అక్షరాన్ని కూడా రెండో కొస దగ్గర చూసుకున్నాకే నమ్మండి.

లెక్క చిన్నదే. ఆర్ అనే తీగలో కరెంటు ఉంటుంది. మిగతావి దాని కోసం ఎదురుచూస్తుంటాయి. ఆర్‌ను జీతో కలిపితే లోపలి ఫ్యాను తిరుగుతుంది. డబ్ల్యూతో కలిపితే ఫర్నేసు వెలుగుతుంది. వైతో కలిపితే బయట కంప్రెసరు అందుకుంటుంది. సీ అనేది కరెంటు తిరిగి వెళ్లే దారి. వాడుకలో ఆర్‌కు ఎరుపు, డబ్ల్యూకు తెలుపు, వైకు పసుపు, జీకి ఆకుపచ్చ, సీకి నీలం వేస్తారు. అది వాడుకే. ఆ రంగులు తప్పితే పట్టుకునే ఇన్‌స్పెక్టరు ఎవరూ లేరు. ఇరవై ఏళ్ల కిందట మీ ఇల్లు కట్టిన పనివాడి దగ్గర ఆ రోజు ఏ తీగ మిగిలితే అది వేశాడు.

ఇర్వింగ్‌లో ఒక కుర్రాడి ఇంట్లో పసుపు తీగ డబ్ల్యూ కింద ఉండేది. అతను పాత డబ్బా విప్పేటప్పుడు అక్షరం చూడలేదు. రంగు చూసి కొత్త డబ్బాలో పసుపు తీగను వై కిందకు, తెల్ల తీగను డబ్ల్యూ కిందకు మార్చాడు. జూలై నెల. కూల్ నొక్కితే ఫర్నేసు వెలిగి వేడి గాలి కొట్టింది. నేను వెళ్లేసరికి భార్యాభర్తలు పెరట్లో కుర్చీలేసుకుని కూర్చున్నారు. అటక ఎక్కి ఫర్నేసు కింది తలుపు తీశాం. తలుపు తియ్యగానే కుడివైపు ఆకుపచ్చ బోర్డు కనిపిస్తుంది. దాని అంచున వరసగా స్క్రూలు, పక్కన అక్షరాలు. గోడలోంచి వచ్చిన గోధుమరంగు కేబులు అక్కడ చీలి ఒక్కో తీగ ఒక్కో స్క్రూ దగ్గరకు పోతుంది. అక్కడ చూస్తే పసుపు డబ్ల్యూ మీద ఉంది, తెలుపు వై మీద ఉంది. రెండో కొస చూశాక గోడ దగ్గర తీగలు మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అనుమానం డబ్బా మీదో, దాని వెనక ఉన్న వాటి మీదో తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. కరెంటు కట్టేసి, డబ్బా తీసేసి, ఆర్, జీ తీగల కొసలు రెండూ ఒక తీగముక్కతో కలపండి. మళ్లీ కరెంటు ఇవ్వండి. ఫ్యాను తిరిగితే ట్రాన్స్‌ఫార్మరూ తీగలూ బాగున్నట్టే, మీరు కొన్న డబ్బాలోనో దాని సెట్టింగుల్లోనో లోపం ఉంది. తిరగకపోతే డబ్బాను షాపుకు తిరిగి ఇచ్చినా ప్రయోజనం లేదు. పరీక్ష అయ్యాక ఆ తీగముక్క మరిచిపోకుండా తీసెయ్యండి. ఎప్పుడూ కలపకూడని జత ఒకటే, ఆర్‌ను సీతో కలపకండి.

6.

నాకొచ్చే ఫోన్లలో సగం సీ తీగ గురించే.

పాత గుండ్రటి థర్మోస్టాట్లకు కరెంటుతో అవసరం లేదు. హెన్రీ డ్రైఫస్ రూపకల్పన చేసిన హనీవెల్ రౌండ్ 1953లో మార్కెట్లోకి వచ్చింది. దాని లోపల ఒక లోహపు చుట్ట, దాని మీద పాదరసం ఉన్న గాజు బుడ్డి. వేడికి చుట్ట విచ్చుకుంటే బుడ్డి వంగుతుంది, పాదరసం జారి రెండు కొసల్నీ కలుపుతుంది. బ్యాటరీ కూడా అక్కర్లేదు. అందుకే ఆ కాలంలో గోడలోకి నాలుగు తీగలే లాగారు, హీటింగు మాత్రమే ఉంటే రెండే. ఇప్పటి డబ్బాకు తెర వెలగాలి, వైఫై తగలాలి. రోజంతా కరెంటు కావాలి. కరెంటు ఆర్‌లోంచి వచ్చి సీలోంచి తిరిగి వెళ్తుంది. సీ లేకపోతే కొన్ని డబ్బాలు వై తీగలోంచో డబ్ల్యూ తీగలోంచో కొంచెం కొంచెం దొంగిలించి బతుకుతాయి. కొన్ని ఇళ్లలో సాగుతుంది. కొన్నిట్లో బయట కంప్రెసరుకు కరెంటు కలిపే కాంటాక్టరు టకటకా కొట్టుకుంటుంది, లేదా చలికాలంలో ఒక రాత్రి బ్యాటరీ అయిపోయి తెర నల్లబడుతుంది.

ముందు గోడ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. చాలాసార్లు నీలం తీగ వాడకుండా వెనక్కి మడిచి ఉంటుంది. దాన్ని చూసి సంతోషపడి సీ కింద బిగించేస్తారు, తెర మాత్రం వెలగదు. రెండో కొస ఫర్నేసు బోర్డు దగ్గర కూడా అలాగే మడిచి ఉంటుంది కదా! అక్కడా సీ స్క్రూకు బిగించాలి.

నీలం తీగ లేకపోతే దారులు మూడు. కొత్త కేబులు లాగించడం అన్నిటికంటే మంచిది. డబ్బాతోపాటు వచ్చే అడాప్టర్ ఫర్నేసు దగ్గర బిగించడం రెండోది, అదీ బాగానే పనిచేస్తుంది. గోడ సాకెట్లో పెట్టే 24 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరు మూడోది. తీగ గోడ మీద వేలాడుతూ కనిపించినా ఫరవాలేదనుకునేవాళ్లకు అది చాలు. జీ తీగను సీగా మార్చుకోమని చెప్పేవాళ్లున్నారు. అలా చేస్తే ఫ్యానును విడిగా తిప్పుకునే వీలు పోతుంది, ఏసీ నడిచేటప్పుడు ఫ్యాను తిరగడానికి ఫర్నేసు దగ్గర ఇంకో ముడి వెయ్యాలి. నాకది నచ్చదు.

ఇల్లు ఇంకా కడుతున్నారా? షీట్‌రాక్ కొట్టకముందే బిల్డర్ని పట్టుకుని ప్రతి థర్మోస్టాట్ దగ్గరికీ 18 గేజి, ఎనిమిది తీగల కేబులు వెయ్యమనండి. ఐదు తీగలు చాలంటాడు. వాస్తు గురించి వాదించే ఓపికలో పదో వంతు ఇక్కడ చూపించండి.

7.

పాత డబ్బాలో ఆర్‌సీ, ఆర్‌హెచ్ అని రెండు ఉండి, వాటి మధ్య చిన్న రాగి ముక్క ఉంటే కంగారు పడకండి. ట్రాన్స్‌ఫార్మరు ఒకటే ఉన్న ఇంట్లో రెండిటికీ ఆ ఒక్క ఎర్ర తీగే. కొత్త డబ్బాలు చాలావరకు లోపలే కలుపుకుంటాయి. రెండు ఎర్ర తీగలు విడివిడిగా వచ్చి ఉంటే మాత్రం, బాయిలరుకు ఒకటి, ఏసీకి ఒకటి, రెండు ట్రాన్స్‌ఫార్మర్లున్నట్టు. అప్పుడు కలపకూడదు.

8.

హీట్ పంపు ఉన్న ఇల్లయితే పైన చెప్పిన లెక్క కొంత మారుతుంది.

దీనికి చలికాలమూ ఎండాకాలమూ బయటి కంప్రెసరే దిక్కు. వాయువు ప్రవాహాన్ని ఒక వాల్వు అటూ ఇటూ తిప్పుతుంది. ఆ వాల్వుకు వెళ్లే తీగ ఓ లేదా బీ. ఓ అయితే చల్లదనం కావలసినప్పుడు వాల్వుకు కరెంటు వెళ్తుంది, బీ అయితే వెచ్చదనం కావలసినప్పుడు. చాలా కంపెనీలు ఓ వాడతాయి. రీమ్, రూడ్ యూనిట్లు బీ వాడుతూ వచ్చాయి. కొత్త డబ్బాలో రెండిటికీ ఒకటే స్క్రూ ఉంటుంది, ఏదో సెట్టింగులో చెప్పాలి. తప్పు చెబితే కూల్ అన్నప్పుడు వేడి, హీట్ అన్నప్పుడు చల్లన. తీగల్లో తప్పేమీ ఉండదు, సెట్టింగు మార్చితే చాలు. బిగించిన రోజే రెండూ పరీక్షించండి. ఒకటి ఆపి ఇంకొకటి మొదలుపెట్టేటప్పుడు ఐదు నిమిషాలు ఆగండి. కంప్రెసరు కాపాడుకోవడానికి డబ్బా కూడా అంతసేపు ఆగుతుంది, పాడైందనుకుని మీటలు నొక్కేయకండి.

ట్రేన్ పాత హీట్ పంపుల్లో బీ అక్షరం కింద ఉన్న తీగ నిజానికి సీ. దాన్ని కొత్త డబ్బాలో ఓ/బీ కింద పెడితే ఆర్, సీ కలిసిపోయినట్టే. రెండో కొస చూడమని అయిదో పాఠంలో అన్నది ఇలాంటి వాటి కోసమే.

చలి బాగా ముదిరితే హీట్ పంపుకు తోడుగా ఆక్సిలరీ హీట్ అని కరెంటు కాయిల్స్ వెలుగుతాయి. మీటరు గిర్రున తిరిగేది అప్పుడు. రాత్రి 62కి దించి పొద్దున్నే 72కి పెంచితే ఆ కాయిల్స్‌ను చేతులారా వెలిగించినట్టే. హీట్ పంపు ఇంట్లో రెండు మూడు డిగ్రీలకు మించి ఆడించొద్దు. డబ్బాలో ఇమర్జెన్సీ హీట్ అని ఇంకో మీట ఉంటుంది. పేరు చూసి బాగా చలిగా ఉన్న రోజు నొక్కేవాళ్లున్నారు. అది బయటి కంప్రెసరు పాడైనప్పుడు వాడవలసిన మీట.

ఇంకొకటి కూడా చెప్పాలి. చలికాలం పొద్దున బయటి యూనిట్ హఠాత్తుగా ఫ్యాను ఆపి, బుస్సుమని తెల్లటి ఆవిరి కక్కుతుంది. పైన పేరుకున్న మంచును అది తానే కరిగించుకుంటుంది, అది రోజూ జరిగేదే. కిందటి శీతాకాలం కూతురింటికొచ్చిన ఒక పెద్దమనిషి అది నిప్పనుకుని బకెట్టుతో నీళ్లు పోశారు.

9.

ఫర్నేసు బోర్డు మీద కారులో వాడే రకం చిన్న ఫ్యూజు ఉంటుంది. ఊదారంగుదైతే 3 ఆంపియర్లు, లేత గోధుమరంగుదైతే 5. కారు విడిభాగాల షాపులో దొరుకుతుంది. ఎంతది పోతే అంతదే పెట్టాలి.

కొత్త ఫ్యూజు వేశాక అది ఎప్పుడు పోతుందో గమనించండి. కరెంటు ఇవ్వగానే పోతే ఆర్ తీగ ఎక్కడో సీకి తగులుతోంది, బహుశా మీరు గోడ దగ్గర ఎక్కువ పొడవు తోలు ఒలిచారు. పావంగుళం పైచిలుకు రాగి కనిపిస్తే చాలు. ఫ్యానూ హీటూ బాగానే ఉండి కూల్ అనగానే పోతే మీ థర్మోస్టాట్‌ది ఏ తప్పూ లేదు, పెరట్లోకి నడవండి. కండెన్సరుకు వెళ్లే రెండు సన్న తీగలు రాగి గొట్టాల వెంట నేలకు ఆనుకుని పోతాయి. గడ్డి కోసేవాడి నైలాను తాడు తగిలి వాటి తోలు లేచిపోయి ఉంటుంది, లేదా కుక్క కొరికి ఉంటుంది. ఆ రెండూ వై, సీ. ఒకటికొకటి తగులుతుంటాయి. ఆ ముక్క కత్తిరించి, సరిగ్గా అతికి, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి పెట్టండి.

ఫ్యూజు బాగానే ఉండి కంప్రెసరు కదలకపోతే కరెంటు కట్టేసి కాంటాక్టరు చూడండి. టెక్సాస్ ఎర్ర చీమలకు అందులో దూరే అలవాటుంది. నలిగిపోయిన చీమలు దాని కొసల మధ్య పేరుకుంటే కరెంటు దాటదు. అయితే ఆ పెట్టెలో 240 వోల్టులుంటాయి, కరెంటు కట్టేసినా కెపాసిటరులో నిలవ ఉంటుంది. చూడండి, వేలు పెట్టకండి.

10.

ఎండాకాలంలో తెర నల్లబడిందని ఫోనొస్తే నేను మొదట అడిగే ప్రశ్న, "అటకలో పళ్లెం నిండిందా?"

ఏసీ కాయిల్ నుంచి కారే నీళ్లు సన్నటి గొట్టంలోంచి బయటికి పోవాలి. అందులో పాచి పట్టి మూసుకుపోతే నీళ్లు కింద పళ్లెంలో చేరతాయి. అక్కడ చిన్న బెండు లాంటి ఫ్లోట్ స్విచ్చి ఉంటుంది. నీళ్లొచ్చి అది తేలగానే 24 వోల్టులు తెగిపోతాయి. మీ సీలింగు కూలకుండా కాపాడే స్విచ్చి అది. జనం దాన్ని ఎరగక కొత్త థర్మోస్టాట్ కొంటారు. కొన్నది బిగించినా తెర నల్లగానే ఉంటుంది. పళ్లెంలో నీళ్లు తోడి, బయట గొట్టం కొసకు వాక్యూమ్ పెట్టి లాగితే అది తెరుచుకుంటుంది. ఏడాదికి కొన్నిసార్లు ఆ గొట్టంలో ఒక కప్పు వెనిగర్ పొయ్యండి.

ఫిల్టరు మార్చిన రోజే తెర నల్లబడితే ఫర్నేసు తలుపు సరిగ్గా పడలేదన్నమాట. తలుపు వెనక ఒక స్విచ్చి ఉంటుంది, తలుపు దాన్ని నొక్కితేనే కరెంటు. మోకాలితో తలుపు గట్టిగా నొక్కండి.

11.

థర్మోస్టాట్‌కు ఉన్న చోటు బాగుందో లేదో చూసేవాళ్లు తక్కువ. నేల నుంచి అయిదడుగుల ఎత్తులో, ఇంటి లోపలి గోడ మీద, ఎండ పడని చోట, గాలి బిలం ఎదురుగా కాకుండా ఉండాలి. దాని కిందే దీపపు కుందులు పెట్టి పూజ గది చేసిన ఇల్లు నేను చూశాను. పొద్దున దీపం వెలిగించగానే ఏసీ అందుకునేది. గోడ అవతల వంటిల్లుంటే ఇదే కథ, దోసెల పెనం ఎక్కిన ఆదివారాలు డబ్బా ఇల్లంతా ఉడికిపోతోందనుకుంటుంది.

తీగలు వచ్చే రంధ్రాన్ని పుట్టీతో మూసెయ్యండి. గోడ లోపల అటక గాలి తిరుగుతుంటుంది, ఆ రంధ్రంలోంచి నేరుగా డబ్బా వీపు మీదికి వస్తుంది. తెర మీద 79 అంటే గదిలో 75 ఉంటుంది. డబ్బా పాడైందంటారు.

గృహప్రవేశం రోజు హోమం చేస్తుంటే సిస్టమ్, ఫ్యాను రెండూ ఆపెయ్యండి. లేకపోతే ఆ పొగంతా ఫిల్టరులోకి పోయి, డక్టుల్లోంచి అన్ని పడకగదుల్లోకీ వెళ్తుంది.

12.

ఖర్చు సంగతి. ఇంట్లో ఎవరూ లేని ఎనిమిది గంటలపాటు 7 నుంచి 10 డిగ్రీల ఫారన్‌హీట్ వెనక్కి తిప్పితే ఏడాదిలో 10 శాతం దాకా మిగలవచ్చని ఇక్కడి ఇంధన శాఖ చెబుతుంది. గ్యాస్ ఫర్నేసు ఉన్న ఇంటికి అది సరైన సలహా, హీట్ పంపు సంగతి పైన చెప్పాను. అయితే నాయనమ్మా తాతయ్యా పిల్లలూ పగలంతా ఇంట్లోనే ఉండే మన ఇళ్లలో ఆ ఎనిమిది గంటలెక్కడివి? అలాంటప్పుడు షెడ్యూలు తీసేసి ఒక అంకె దగ్గర వదిలేయడమే శాంతి.

రాయితీ ఇస్తామని కరెంటు కంపెనీలు పంపే మెయిళ్లలో చిన్న అక్షరాలు కూడా చదవండి. 2021 జూన్‌లో టెక్సాస్‌లో కొందరు తమ థర్మోస్టాట్ దానంతటదే పెరిగిందని లబోదిబోమన్నారు. బహుమతి కోసం చేరిన స్కీములో, గ్రిడ్ మీద ఒత్తిడి పెరిగినప్పుడు మీ డబ్బాను మేం తిప్పుకోవచ్చు అని రాసి ఉంది. చేరడం తప్పని నేననను. వేసవిలో కొన్ని మధ్యాహ్నాలు నాలుగు డిగ్రీలు ఓర్చుకోగలిగితే డబ్బులొస్తాయి. పసిపిల్లో మంచాన ఉన్న పెద్దలో ఉన్న ఇల్లయితే వద్దు.

అదే ఏడాది ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 ఫారన్‌హీట్ నమోదైంది, సెల్సియస్‌లో మైనస్ 19. కరెంటు పోయిన ఇళ్లలో "మాది గ్యాస్ కదా, ఎందుకు వెలగట్లేదు?" అని అడిగారు. గ్యాస్ ఉన్నా దాన్ని వెలిగించే బోర్డుకూ, గాలి తోసే ఫ్యానుకూ, గోడ మీది డబ్బాకూ కరెంటు కావాలి.

13.

గ్యాస్ వాసన వస్తే ఈ పాఠాలన్నీ పక్కన పడేసి బయటికి నడవండి. స్విచ్చి కూడా ముట్టుకోవద్దు. గేటు దాటాక ఫోను చెయ్యండి, నాకు కాదు, గ్యాస్ కంపెనీకి.

14.

పాత థర్మోస్టాట్‌ను పారెయ్యకండి. పాదరసం బుడ్డి ఉన్న గుండ్రటిదైతే చెత్తడబ్బాలో వెయ్యకూడదు, మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. బ్యాటరీతో నడిచే మామూలు డబ్బా అయితే దాని స్క్రూలూ, ఫొటో ప్రింటూ, రెండు కొత్త బ్యాటరీలూ ఒక సంచిలో వేసి ఫర్నేసు పక్కన మేకుకు తగిలించండి. జనవరి రాత్రి రెండింటికి స్మార్ట్ డబ్బా అప్‌డేట్ చేసుకుంటూ నిలిచిపోయిందనుకోండి, కరెంటు కట్టేసి, తీగలు దీనికి మార్చి, హీట్ నొక్కితే పావుగంటలో వెచ్చగాలి వస్తుంది. కంపెనీ కస్టమర్ కేర్ పొద్దున తొమ్మిదికి గానీ ఫోనెత్తదు. నేను ఆరింటికే లేస్తాను.